వేడిమి లేకయే కలుగు మార్పు

మంచు కరగి నీరగును. నీరు కాగి ఆవిరియగును. ఇట్టి మార్పులకు వేడిమియే కారణమని మేము తరగతిలో బోధించుచు వచ్చితిమి. ఒకనాడొక విద్యార్థి లేచి, "అయ్యా, వేడిమి యంతయు తీసివేసిన పిమ్మట ఇక నే మార్పును జరుగదా?" అని యడిగెను. జరుగదని యుత్తరమిచ్చితిమి. అది తప్పు. దానిని సరిదిద్దుకొనుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

1924వ సంవత్సరమున ఢాకా విశ్వవిద్యాలయమున నుపాధ్యాయులుగా నుండిన సత్యేంద్రనాథ బోసుగారు కాంతికణములను లెక్కించుట కొక నూతన పద్ధతిని కనిపెట్టిరి. ఆ లెక్కకు లోబడు కణములకు వారి పేరిట బోసానులని పేరు. ఇవి యెన్నియైనను ఒకే స్థితిలో గూడి యుండగలవు. భారసంఖ్య 87 గల రుబీడియము పరమాణువులు ఇట్టివే.

ఇంటిలోని వామనగుంటల పీటను తలంచుకొనుడు. గుంటలు రెండు వరుసలే గాక నలుదిక్కుల వందలకొలది యున్నవనియు, చింతగింజలకు మారుగా పరమాణువులున్నవనియు భావింపుడు. ఎదురెదురుగా వచ్చు లేసరు కాంతులను రెండు దిశలలో అడ్డముగా కలిపినచో వెలుగే యిట్టి పీటయగును. కాంతిని పెంచినకొలది గుంటలు లోతగును. పరమాణువులను పరమశూన్యమునకు డిగ్రీలో ఇంచుమించు కోటియవ వంతు దూరము వరకు చల్లార్చి అందుంచెదరు.

ఇప్పుడు వానిలో రెండు స్వభావములు పోరాడును. గట్టు నెక్కుటకు శక్తి లేకున్నను, దాని గుండ ప్రక్క గుంటలోనికి పోవుట మొదటిది. దీనికి వేడిమి యక్కరలేదు. ఒకే గుంటలో రెండు పడినప్పుడు ఒకదానినొకటి త్రోసికొనుట రెండవది. గుంటలు లోతు తక్కువైనచో మొదటిది గెలుచును. ప్రతి పరమాణువును పీట యంతట వ్యాపించి యుండును. ఇది అతిద్రవము. గుంటలు లోతైనచో రెండవది గెలుచును. గుంటకొకటి చొప్పున కదలక నిలుచును. దీనిని ఆంగ్లదేశపు శాస్త్రజ్ఞుడైన నెవిల్ మాట్ గారి పేరిట మాట్ బంధకమందురు. చదరపు పీటపై త్రోపుడు బలము దాటు బలమునకు సుమారు 17 రెట్లైనప్పుడు ఈ మార్పు కలుగును.

మరియొక వింత. గుంటలు నూరు, పరమాణువులు నూటయొకటి యైనచో, ఆ మిగిలిన దేగుంటలో నున్నను త్రోపుడు సమానమే. కావున అది స్వేచ్ఛగా దిరుగును. లెక్క సరిపోయిననే గాని సంపూర్ణబంధము లేదు.

2002వ సంవత్సరమున జర్మనీలోని మ్యూనిక్ నగరమున, ఎత్తు దిశయందును గుంటలు గల పీటపై, ఈ మార్పును చూపిరి. కాంతి నార్పి పరమాణువులను వ్యాపింపనిచ్చిరి. అతిద్రవమైనచో వరుసగా ప్రకాశించు చుక్కలు గనబడెను. గుంటలు లోతు చేయగా అవి చెదరిపోయెను. లోతు తగ్గింపగా మరల వచ్చెను. వేడిమిచే చెడినవైనచో అవి మరల వచ్చెడివి కావు గదా! 2010వ సంవత్సరమున హార్వర్డులోను, జర్మనీలోని గార్షింగులోను, ఒకే పొరగా నున్న పరమాణువులను సూక్ష్మదర్శినితో గుంటగుంటగా చూచి, గుంటకొకటి నిలిచి యుండుటను కన్నులార గాంచిరి.

ఆ ప్రశ్న యడిగిన విద్యార్థి నేడు పెద్దవాడై యుండును. ఈ సంచిక అతని చేతికి జేరినయెడల మా యుత్తరమును దిద్దుకొనునుగాక. ఇప్పుడు తరగతిలో నున్న విద్యార్థులారా, ఉపాధ్యాయుడు త్వరపడి లేదన్నచోటనే మరల నొకసారి యడుగుడు.