లాప్‌టాప్ కంప్యూటరు ఎంపిక: వేడిమి చెప్పు లెక్క

ఇంజనీరింగు కళాశాలలో సీటు దొరకిన పిల్లవానికి లాప్‌టాప్ కంప్యూటరు కొనవలెనని తలిదండ్రులు అంగడికి పోవుదురు. వర్తకుడు బల్లమీద వరుసగా పది యంత్రములను తెరచి చూపును. ఒకటి పలక వలె పలుచన. మరియొకటి ఇటుక వలె బరువు. ధరలలో రెండింతలు, మూడింతలు తేడా ఉండును. ఏది వేగమైనదని అడుగుట మన అలవాటు. కాని ఇంటిల్లిపాది కొన్ని నెలల సంపాదనను వెచ్చించి, నాలుగైదేండ్లు వాడుకొనదలచిన వస్తువును గూర్చి మొదట అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు: ఈ యంత్రములో పుట్టిన వేడి ఎట్లు బయటికి పోవును? ఈ ప్రశ్నను పట్టుకొని పోయినచో లాప్‌టాప్ రకముల మధ్యనున్న భేదములు చాలవరకు బోధపడును.

వేడి పుట్టుట ఎట్లు?

కంప్యూటరులో లెక్కలు చేయు భాగము ప్రాసెసరు. అది చిన్న సిలికాన్ బిళ్ల. 2020లో యాపిల్ సంస్థ విడుదల చేసిన ఎం-1 ప్రాసెసరులో 1,600 కోట్ల ట్రాన్సిస్టర్లు కలవు. ఒక్కొక్క ట్రాన్సిస్టరు ఒక స్థితినుండి మరియొక స్థితికి మారునప్పుడు అత్యల్పమైన విద్యుచ్ఛక్తి ఖర్చగును. అన్నిటి ఖర్చును కూడినచో అది అల్పము కాదు. ఆ శక్తి చివరకు దాదాపు అంతయు వేడిగా మారును. పాతకాలపు 25 వాట్ల బల్బు వెలుగుచుండగా దానిని చేతితో పట్టుకొనలేము. 25 వాట్లు వాడుచున్న లాప్‌టాప్‌లో పుట్టు వేడి కూడ ఇంచుమించు అంతయే.

ట్రాన్సిస్టర్లు వాడు శక్తి, అవి సెకనుకు ఎన్నిసార్లు మారునను దానినిబట్టియు, వోల్టేజి యొక్క వర్గమునుబట్టియు పెరుగును. వేగము హెచ్చవలెనన్న సాధారణముగా వోల్టేజిని కూడ హెచ్చింపవలెను. రెంటిని 20 శాతము చొప్పున హెచ్చించినామనుకొందము. 1.2ను మూడుమారులు గుణించినచో 1.728 వచ్చును. అనగా 20 శాతము వేగమునకై సుమారు 73 శాతము అధికశక్తిని చెల్లించుచున్నాము. వేడియు అంతే పెరుగును.

బాటరీ లెక్కయు ఇట్టిదే. 50 వాట్-గంటల బాటరీనుండి 5 వాట్ల చొప్పున వాడుకొన్నచో 10 గంటలు వచ్చును. 25 వాట్ల చొప్పున వాడుకొన్నచో 2 గంటలకే అయిపోవును.

మూడు రకములు

మొదటిది ఫాను లేని పలుచని లాప్‌టాప్. వేడి దాని లోహపు డొక్కు గుండా మెల్లగా గాలిలో కలిసిపోవును. చప్పుడు లేదు, గాలిని లోపలికి లాగుకొనదు కనుక దుమ్ము అంతగా చేరదు. చదువుటకు, వ్రాయుటకు, పాఠములు చూచుటకు ఇది చాలును. కాని బరువైన పనిని విడువక చేయించినచో కొన్ని నిమిషములకు వేడెక్కి, తనను తాను కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. అంగడిలో రెండు నిమిషములు చూచినవారికి ఈ సంగతి తెలియదు.

రెండవది చిన్న ఫాను గలది. లోపల రాగి గొట్టములు ప్రాసెసరు వేడిని రేకులకు చేర్చగా, ఫాను ఆ వేడిని బయటికి నెట్టివేయును. ఎక్కువమంది విద్యార్థుల అవసరములు దీనితో తీరును.

మూడవది బొమ్మలు గీయుటకు ప్రత్యేకమైన ప్రాసెసరు గల బరువు యంత్రము. ఆటలకు, యంత్రభాగముల నమూనాలు తయారుచేయుటకు ఇది పనికివచ్చును. ఇట్టివి పూర్తివేగముతో పనిచేయునప్పుడు 100 వాట్లు దాటి వాడుకొనునవి కలవు. విమానములలో అనుమతి లేకుండ తీసికొనిపోదగిన బాటరీకి 100 వాట్-గంటలు హద్దు. కనుక తయారీదారులు ఆ హద్దును సామాన్యముగా దాటరు. దీని పూర్తిబలము గోడకున్న ప్లగ్గుతోడనే అనుభవమునకు వచ్చును.

మన వేసవి

ఒక వస్తువునుండి గాలిలోనికి వేడి పోవు రేటు ఆ రెంటి ఉష్ణోగ్రతల తేడానుబట్టి ఉండును. ఫాను లేని లాప్‌టాప్ డొక్కును 45 డిగ్రీలు మించనీయరాదనుకొందము. గది 25 డిగ్రీలున్నప్పుడు తేడా 20. గది 40 డిగ్రీలున్నప్పుడు తేడా 5 మాత్రమే. అనగా వేడి పోవు రేటు సుమారు నాలుగవ వంతుకు పడిపోవును. చల్లని దేశపు పరీక్షలో గెలిచిన యంత్రము మే నెలలో రెంటచింతలలోనో, రామగుండములోనో ఎందుకు మందగించునో దీనినిబట్టి తెలియును. పెక్కు లాప్‌టాప్‌లను 35 డిగ్రీలలోపు గాలిలో వాడవలెనని తయారీదారులే వ్రాయుదురు.

లిథియం-అయాన్ బాటరీకి కూడ వేడి శత్రువు. 1991లో వాడుకలోనికి వచ్చిన ఈ బాటరీని రూపొందించిన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి లభించినది. వేడిలో, అందునను నిండుగా చార్జి చేసి ఉంచినప్పుడు, దీనిలో అక్కరలేని రసాయనిక చర్యలు త్వరపడి, శక్తిని నిలువచేయు సామర్థ్యము తగ్గును. ఎల్లప్పుడు ప్లగ్గుకు తగిలించి ఉంచువారు చార్జింగును 80 శాతము వద్ద ఆపు ఏర్పాటు ఉన్నచో వాడుకొనవలెను. పరుపుమీద పెట్టి వాడుట వలన గాలి రంధ్రములు మూసుకొనిపోవును.

ప్రాసెసరు భాష

ప్రాసెసర్లలో రెండు కుటుంబములు పోటీపడుచున్నవి. ఒకటి 1978 నాటి ఇంటెల్ 8086 వంశము. రెండవది ఆర్మ్, దాని మొదటి చిప్పు 1985లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ సంస్థవారి చేతిలో పనిచేసినది. చిన్న బాటరీ గల, ఫానుకు చోటులేని సెల్‌ఫోనులలో ఆర్మ్ పెరిగినది. కనుక పొదుపు దానికి అలవాటైనది. అయితే ఒకదాని యంత్రభాష రెండవదానికి తెలియదు. ఒకదానికై తయారైన ప్రోగ్రాము రెండవదానిపై నడువవలెనన్న నడుమ అనువాదము కావలెను. చాల ప్రోగ్రాములు అట్లు నడచును. కాని పాత ప్రింటర్లను, ప్రయోగశాల పరికరములను నడపు ప్రోగ్రాములు కొన్ని మొరాయించును. కాబట్టి కళాశాలలో వాడు సాఫ్ట్‌వేర్ల పేర్లను ముందుగానే తెలిసికొని, అవి ఏ ప్రాసెసరుపై నడచునో విచారింపవలెను.

కొనుటకు ముందు

వ్రాతకోతలు, పాఠములు మాత్రమే అయినచో ఫాను లేనిది చాలును. గంటలతరబడి లెక్కలు కట్టించు పని ఉన్నచో ఫాను గలది కావలెను. ప్రత్యేక బొమ్మల ప్రాసెసరు అవసరమని కళాశాల చెప్పినప్పుడే మూడవ రకమునకు డబ్బు పెట్టవలెను. మెమరీని తరువాత పెంచవచ్చునా, బాటరీని మార్చవచ్చునా అనియు అడుగవలెను. పెక్కు పలుచని యంత్రములలో మెమరీని బోర్డుకే అతికించివేయుదురు. వీలైనచో అంగడిలో అరగంట పని చేయించి, అడుగుభాగమును చేతితో తాకి చూడుడు. కాగితముపై వ్రాసిన వేగముకంటె ఆ చేయి ఎక్కువ చెప్పును.