గేమ్ పోయినా స్క్వాడ్ ఎందుకు పోదు?

"మావోడు ఆ ఫోన్ ఎందుకు వదులుతలేడు?" మన కామారెడ్డి, ఎల్లారెడ్డి సైడు చాలా ఇండ్లల్ల వినబడే మాట ఇది. గ్రాఫిక్స్ అంటాం, వ్యసనం అంటాం. అవి కూడా ఉన్నయ్, కాదనను. కానీ అసలు కొక్కెం వేరే ఉంది.

ఒక్కసారి వెనక్కి వెళ్దాం. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్జీ మొబైల్‌తో కలిపి 118 యాప్స్ బ్యాన్ చేసింది. ఆటే కారణమైతే కథ అక్కడ అయిపోవాలి కదా? కాలేదు. ఎన్నో స్క్వాడ్‌లు నలుగురికి నలుగురూ ఫ్రీ ఫైర్‌కో, కాల్ ఆఫ్ డ్యూటీకో మారిపోయినయ్. 2021 జులైలో బీజీఎంఐ వచ్చింది, 2022 జులైలో స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఆడేటోళ్లు కూడా మళ్లీ వచ్చిన్రు.

ఇప్పుడు ఫౌజీ సంగతి చూడండి. 2021 జనవరి 26న రిలీజ్, అక్షయ్ కుమార్ ప్రచారం, బోలెడు హడావుడి. కానీ మొదట్ల కథ మోడ్ ఒక్కటే. దోస్తును పిలుద్దామంటే దారి లేదు. ఆ ఊపు తొందరగానే చల్లబడింది. అదొక్కటే కారణం అనను, గేమ్ కూడా అంతంత మాత్రమే.

స్క్వాడ్‌లో నలుగురుంటరు. ఒకడు రాకపోతే తెలియని మనిషి వచ్చి కలుస్తడు, వాడికి మన మాట అర్థం కాదు, ర్యాంక్ పడిపోతది. అందుకే రాత్రి తొమ్మిదింటికి మెసేజ్ వస్తది: "రా అన్నా, ఒక్కడే తక్కువున్నం." ఇక్కడ లాగేది గేమ్ కాదు, మొహమాటం. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినోణ్ని కాబట్టి చెప్తున్నా, క్లాన్ మిషన్లు, "నీ ఫ్రెండ్ ఆన్‌లైన్‌లో ఉన్నడు" అనే నోటిఫికేషన్లు ఊరికే పెట్టరు. యూజర్ రేపు కూడా రావాలి, దాన్నే రిటెన్షన్ అంటరు.

మన జిల్లాకి ఇంకో లెక్క ఉంది. గల్ఫ్. దుబాయ్ టైం మనకంటే గంటన్నర వెనక, సౌదీ రెండున్నర గంటలు. దుబాయ్‌ల డ్యూటీ దిగి ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుంటే ఇక్కడ తొమ్మిదిన్నర. ఉత్త కాల్ చేస్తే "తిన్నవా, ఎట్లున్నవ్", రెండు నిమిషాల్ల మాట అయిపోతది. అదే మైక్ ఆన్ చేసి మ్యాచ్ ఆడితే అరగంట కలిసి ఉన్నట్టే. అసుంటోనికి "గేమ్ తీసేయ్" అంటే "దోస్తును వదిలేయ్" అన్నట్టే వినబడుతది.

అందరూ ఇట్లనే ఉంటరని కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ మీద 2006లో వచ్చిన ఒక పరిశోధన చూస్తే, అంత పెద్ద ఆన్‌లైన్ ఆటలోనూ చాలామంది ఎక్కువసేపు ఒంటరిగానే ఆడేవాళ్లు. చుట్టూ మనుషులుంటే చాలు, జట్టు కట్టాల్సిన పని లేదు వాళ్లకి.

పైసలు పెట్టే రమ్మీ పూర్తిగా వేరే. దాన్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. అక్కడ మనిషిని లాగేది పోయిన పైసలు, దోస్తులు కాదు. రెండిటినీ ఒకే గాటన కట్టి తిడితే పిల్లగాడు వినడం మానేస్తడు.

మరి ఇంట్లో ఏం చెయ్యాలి? ఆ మిగతా ముగ్గురు ఎవరో ముందు అడగండి. ముక్కూ మొహం తెలియనోళ్లైతే అది వేరే మాట, జాగ్రత్త పడాలి. తెలిసినోళ్లే అయితే నలుగురితో కలిపి టైం ఖాయం చేయించండి. పదింటికి అందరూ దిగిపోతే ఎవడూ ఎవణ్నీ మధ్యల వదిలినట్టు కాదు, "ఇంకొక్క మ్యాచ్" అని పిలిచేటోడు కూడా ఉండడు.