కాన్పు పుట్టింట్లో సరే... డాక్టరెవరు?

తొలి కాన్పు పుట్టింట్లోనే. తరాలుగా వస్తున్న ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి, చలిమిడి పెట్టి, అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్తారు అమ్మానాన్నలు. ఒకప్పుడు పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండు మూడు ఊళ్ల దూరంలో ఉండేవి. ఇప్పుడా అమ్మాయి బెంగళూరులోనో పుణెలోనో ఉద్యోగం చేస్తుంటుంది. పుట్టిల్లేమో నర్సాపురంలోనో నిర్మల్‌లోనో. ఏడెనిమిది నెలలు చూసేది ఒక డాక్టరు, కాన్పు చేసేది మరో డాక్టరు! చీరె, గాజుల దగ్గర ఏ లోటూ రానివ్వని పెద్దవాళ్లు ఈ ఒక్క సంగతి మాత్రం 'వచ్చాక చూద్దాంలే' అనేస్తారు. చిక్కంతా అక్కడే.

బీపీ 140/90 ఉందనుకోండి. అది మొదట్నుంచీ ఉన్నదా, ఇరవయ్యో వారం దాటాక కొత్తగా వచ్చిందా అన్నదాన్ని బట్టి వైద్యం మారుతుంది. తొమ్మిదో నెలలో మొదటిసారి చూసే డాక్టరుకు ఆ సంగతి కాగితాలు చెప్పాల్సిందే. కాన్పు తేదీ కూడా అంతే. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ చెప్పే తేదీయే నమ్మకమైనది. నెలలు నిండాక తీసిన స్కానింగ్‌లో రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు. పాత రిపోర్టు పోతే, బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉందా, తేదీయే తప్పా అని తేల్చడం కష్టం. అందుకే ఫైల్లో అన్నిటికన్నా విలువైనది ఆ తొలి రిపోర్టే. చాలామంది పారేసేదీ దాన్నే!

తల్లిది నెగెటివ్ గ్రూపు, తండ్రిది పాజిటివ్ అయితే సాధారణంగా 28వ వారంలో యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. బిడ్డది పాజిటివ్ అని తేలితే కాన్పయ్యాక 72 గంటల్లోపు మళ్లీ ఇవ్వాలి. సరిగ్గా ఊరు మారే రోజుల్లోనే వస్తుంది ఆ మొదటి డోసు. ఇచ్చారో లేదో ఇద్దరు డాక్టర్లలో ఒకరికైనా రాతపూర్వకంగా తెలియాలి.

మరి కొత్త డాక్టరును ఎంచుకునేదెలా? 'మన పిన్నిగారమ్మాయికి ఆవిడే చేశారు' అన్నది పనికొచ్చే మాటే కానీ, అదొక్కటే చాలదు. అర్ధరాత్రి నొప్పులొస్తే ఎవరొస్తారు? మత్తు డాక్టరు ఎంతసేపట్లో రాగలరు? రక్తం ఎక్కణ్నుంచి తెస్తారు? బిడ్డకు ఊపిరి అందకపోతే అక్కడే చూస్తారా, వేరే ఊరికి పంపిస్తారా? ఈ నాలుగూ మొహమాటపడకుండా అడగాలి. సిజేరియన్లు ఏ పరిస్థితుల్లో చేస్తారో కూడా అడగొచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ముహూర్తం చూసుకుని కోత పెట్టించుకునే సరదా మనవాళ్లకే ఉందిమరి! మొదటి కాన్పు సిజేరియనై, ఇది రెండోదైతే పాత ఆపరేషన్ వివరాల కాగితం తప్పనిసరి.

అయిదో నెల స్కానింగ్‌కు ముందో వెనకో ఓసారి పుట్టింటికి వచ్చినప్పుడే ఆ డాక్టరును కలిసి పేరు రాయించుకుంటే సగం పని అయినట్టే. ప్రభుత్వాసుపత్రిలోనైతే ఎక్కడ ఇచ్చిన తల్లీబిడ్డల కార్డయినా దగ్గరుంచుకోవాలి. 2016లో మొదలైన సురక్షిత మాతృత్వ కార్యక్రమంలో ప్రతి నెలా 9న గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు.

ప్రయాణం 32, 34 వారాల మధ్య పెట్టుకుంటే కొత్త డాక్టరుకు చూసే వ్యవధి ఉంటుంది. పద్దెనిమిదో నెంబరు బస్సు దొరికినట్టు చివరి నిమిషంలో పరుగెత్తనక్కర్లేదు. ఉద్యోగినులకు చట్టం ఇచ్చే 26 వారాల సెలవులో 8 వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. విమానమైతే టికెట్‌కు ముందే నిబంధనలు చూసుకోవాలి. నెలలు పెరిగాక డాక్టరు ఉత్తరం అడుగుతారు, 36 వారాలు దాటితే సాధారణంగా ఎక్కనివ్వరు. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు అది ఆ చిన్న ఊరి ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి.

తిరుగు ప్రయాణానికీ కాగితాలు కావాలి. బిడ్డకు పుట్టగానే బీసీజీ, పోలియో, హెపటైటిస్-బి వేస్తారు. తర్వాత 6, 10, 14 వారాల్లో మిగతావి. మూడో నెలో అయిదో నెలో అత్తారింటికి వెళ్లేనాటికి ఆ కార్డూ, డిశ్చార్జి సమ్మరీ ఉయ్యాలతో పాటే సర్దుకోవాలి.