రైతు సంఘములకు లింక్డిన్ పరిచయములు

పసుపు ఉడుకబెట్టి, ఆరబెట్టి, మెరుగుపెట్టి సంచులకెత్తిన తరువాత రైతునకు మిగులు ప్రశ్న ఒక్కటే: ఎవరికి అమ్మవలెను? దుగ్గిరాల, నిజామాబాదు యార్డులకు సరుకు తోలు దారి అందరికిని తెలిసినదే. కాని మసాలా పొడులు తయారుచేయు కంపెనీలలోను, మందుల కంపెనీలలోను, ఎగుమతి సంస్థలలోను పసుపు కొనుగోలు చూచు అధికారి ఎవరో మన రైతు ఉత్పత్తిదారుల సంఘములలో చాలమందికి తెలియదు. అట్టివారిలో అనేకులు తమ పేరు, హోదా, కంపెనీ వివరములతో లింక్డిన్‌లో కనబడుదురు. వారిని పలుకరించుట ఎట్లో రైతు సోదరులకును, గ్రామ వ్యవసాయ సహాయకులకును తెలుపుటకే ఈ వ్యాసము.

లింక్డిన్ 2003 మే నెలలో ప్రారంభమైనది. 2016లో దీనిని మైక్రోసాఫ్ట్ కంపెనీ కొనినది. అప్పటికే ఆ కంపెనీకి అధిపతి మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల. 2023 నాటికి సభ్యుల సంఖ్య 100 కోట్లు దాటినది. ఇచ్చట జరుగునవి ముఖ్యముగా వృత్తి వ్యవహారములు. ఖాతా ఉచితము. రుసుము చెల్లించు ప్రీమియం తరగతి కూడ కలదు గాని, క్రొత్తగా చేరు సంఘమునకు దాని అవసరము లేదని నా అభిప్రాయము.

వాట్సాప్ గ్రూపులుండగా మరల ఇది ఎందుకని కొందరు అడుగుచున్నారు. ఊరి గ్రూపులో ఉన్నవారందరు ఒకే యార్డుకు పోవువారు, ఒకే ధర విన్నవారు. వారికి తెలిసినది మనకును తెలిసియే యుండును. అమెరికా సామాజిక శాస్త్రజ్ఞుడు మార్క్ గ్రానొవెటర్ 1973లో ఈ సంగతినే వివరించెను: క్రొత్త సమాచారము దగ్గరి స్నేహితులకన్న కొద్దిపాటి పరిచయము గలవారి వలననే ఎక్కువగా వచ్చును. లింక్డిన్ సభ్యులు 2 కోట్లమందిపై ఐదేండ్లు జరిపిన పరీక్షల ఫలితములు 2022లో 'సైన్స్' పత్రికలో వెలువడినవి. ఉద్యోగము మారుటకు అట్టి పరిచయములే తోడ్పడినవని తేలినది. అయితే బొత్తిగా దూరపువారికన్న, ఉమ్మడి స్నేహితులు కొందరు ఉన్నవారి వలననే మేలు ఎక్కువ. అది ఉద్యోగముల సంగతియే గాని, పసుపు అమ్మకమునకును ఇది వర్తింపదనుటకు కారణము కనబడదు.

ఖాతా మనిషి పేరున ఉండవలెను. సంఘము పేరున ఉండరాదు. సంఘమునకు వేరుగా 'పేజీ' ఉండును. దానిని తెరచుటకు ముందుగా ఒకరి సొంత ఖాతా కావలెను. సాధారణముగా సంఘపు ఉద్యోగి ఖాతా నుండి పేజీ తెరతురు. అతడు మరియొక కొలువునకు పోయిన నాడు పేజీకి దిక్కుండదు. కావున పేజీకి ఇద్దరు నిర్వాహకులుండవలెను; అందొకరు పాలకవర్గ సభ్యులగుట మంచిది.

పేరు క్రింద వ్రాయు పరిచయవాక్యమునకు 220 అక్షరముల చోటు కలదు. అచ్చట 'డైరెక్టరు' అని మాత్రము వ్రాసి ఊరకుండిన కొనువానికి ఏమి తెలియును? ఏ జిల్లా, ఏ పంట, ఎందరు రైతులు, ఏ నెల నుండి సరుకు సిద్ధమగునో ఆ వాక్యములోనే తెలియవలెను. ఇతర రాష్ట్రములవారు చదువవలెను గనుక ఇంగ్లీషున వ్రాయుట అవసరము. ఊరిలో చదువుకొన్న పిల్లలు ఈ పాటి సహాయము సంతోషముతో చేయుదురు.

పేజీలో రకము పేరు, కొమ్ములెన్ని టన్నులు, కాయలెన్ని టన్నులు, తేమ శాతము, పసుపునకు రంగునిచ్చు కుర్కుమిన్ శాతము చూపవలెను. శాతములు ప్రయోగశాల నివేదికను బట్టి వ్రాయవలెనే గాని ఊహించి వ్రాయరాదు. సుగంధ ద్రవ్యముల బోర్డు ప్రయోగశాల గుంటూరులో కలదు. రంగు కొరకు లెడ్ క్రోమేట్ కలుపు దురాచారము కొన్నిచోట్ల బయటపడినందున, జాగ్రత్తగల కొనుగోలుదారు మాట నమ్మడు, కాగితము అడుగును. నివేదిక చేతికి రానిచో ఆ గడి ఖాళీగా నుంచుటయే మేలు.

పరిచయములు తెలిసినవారితో ఆరంభింపవలెను: కృషి విజ్ఞాన కేంద్రపు శాస్త్రజ్ఞులు, బ్యాంకు అధికారులు, వ్యవసాయ కళాశాలలో చదివి కంపెనీలలో చేరిన మన ప్రాంతపు యువకులు. ఈ మూడవ తరగతివారిని మన సంఘములు మరచుచున్నవి. నిజమునకు కంపెనీ గడప దాటించువారు వీరే. మనకు కావలసిన అధికారికిని మనకును ఉమ్మడి పరిచయస్థుడెవరో లింక్డిన్ చూపును. అతనిని అడిగి పరిచయము చేయించుకొనవలెను. మొదటి జాబు నాలుగు వాక్యములు మించరాదు. "మీ కంపెనీ పసుపు కొనుచున్నదని తెలిసినది. మాది జగిత్యాల జిల్లాలోని రైతు సంఘము. మీకు కావలసిన తేమ, కుర్కుమిన్ హద్దులు తెలిపినచో ఈ ఏటి పంటను ఆ ప్రకారము సిద్ధపరుతుము" అని వ్రాసిన చాలును. ధర ప్రస్తావన అందు వలదు. వారి హద్దులు తెలియుటయే మొదటి లాభము. అమ్మకము కుదరకున్నను ఎండబెట్టుటలో ఆ జ్ఞానము పనికివచ్చును.

జూన్, జూలై నెలలలో విత్తనము నాటునప్పుడే ఈ పని మొదలిడిన, త్రవ్వకము నాటికి ఆరేడు నెలల వ్యవధి దొరకును. నెలకు రెండుమార్లు చేను స్థితి ఫోటోతో తెలుపవలెను. దుంపకుళ్లు తగిలి దిగుబడి తగ్గునట్లున్నచో అదియు దాచక వ్రాయవలెను. సరుకు తగ్గునని ముందే తెలిసిన కొనుగోలుదారు వేరు ఏర్పాటు చేసికొని, మరుసటి ఏడు మరల వచ్చును. చివరి క్షణమున తెలిసినవాడు రాడు.

మోసగాండ్రును ఇచ్చటనే కలరు. పెద్ద కంపెనీ గుర్తు పెట్టుకొని, వెండరు నమోదు రుసుమని ముందుగా సొమ్మడుగువానిని నమ్మరాదు. కొనుగోలుదారుని 15 అక్షరముల జీఎస్టీ సంఖ్యను జీఎస్టీ వెబ్‌సైటులో ఎవరైనను ఉచితముగా సరిచూడవచ్చును. అచ్చటి పేరు, బిల్లుపై పేరు, బ్యాంకు ఖాతా పేరు మూడును ఒకటిగా ఉండవలెను. అంతటితో తృప్తిపడక, కంపెనీ సొంత వెబ్‌సైటులోని ఫోనుకు మాటలాడి ఆ అధికారి అచ్చట ఉన్నాడో లేదో తెలిసికొనవలెను. మొదటి లారీకి బేరము కుదిరినను అరువు ఈయరాదు. ఓటీపీ ఎవరికిని చెప్పరాదు. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, ఆ సొమ్మును మోసగాని ఖాతాలోనే నిలుపుటకు అంత అవకాశముండును.