యాత్రాబృందమును, టిక్కెట్టు తాళపుచెవియు

మన నర్సీపట్నమునకు రైలుమార్గము లేదు. రైలెక్కదలచినవారు బస్సులో తునికో, అనకాపల్లికో, నర్సీపట్నము రోడ్డు స్టేషనునకో పోవలయును. చింతపల్లి, కొయ్యూరు ప్రాంతముల మన్యగ్రామములవారికి ఆ ప్రయాణమునకు ముందు మఱియొక ప్రయాణము కలదు. అంతదూరము వచ్చినపిదప బండిలో చోటు లేదని తెలిసినచో కలుగు కష్టము ఇంతయని చెప్పనలవికాదు. కావున మనవారు ముందుగనే స్థలము రిజర్వు చేయించుకొందురు. అందఱియొద్దను తగిన మొబైలు లేకపోవుటచే, ఒకరి ఖాతాతో పదిమందికి టిక్కెట్లు తీయుట పరిపాటియైనది. ఈ సహకారము మంచిదే. దానిని భద్రముగా జరుపుకొను విధమును ఈ వ్యాసమున వివరింపనెంచితిమి.

పూర్వము రిజర్వేషనులను గుమాస్తాలు పుస్తకములలో చేతితో వ్రాయుచుండిరి. బృందనాయకుడు స్టేషనునకు పోయి, పైకము చెల్లించి, అట్టముక్క టిక్కెట్లను తన సంచిలో భద్రపఱచుకొనెడివాడు. టిక్కెట్లు ఎవరిచేతిలో నున్నవో అందఱికిని తెలియుచుండెను. 1985లో ఢిల్లీయందు కంప్యూటరు రిజర్వేషను మొదలయ్యెను. 1999లో ఐఆర్‌సీటీసీ స్థాపితమై, 2002 నుండి ఇంటర్నెట్టు ద్వారా టిక్కెట్లు ఇచ్చుచున్నది. ఇప్పుడు టిక్కెట్టు సంచిలో లేదు, ఖాతాలో నున్నది. ఆ ఖాతాకు పాస్‌వర్డే తాళపుచెవి. అది తెలిసినవాడు టిక్కెట్టు కొనగలడు, చూడగలడు, రద్దు చేయగలడు. ఈ మూడవ అధికారమునే మనము మఱచుచుందుము.

దానిని మఱచుటచే మేము పొందిన అనుభవమును దాచక చెప్పెదము. కొన్ని సంవత్సరముల క్రిందట 20 మంది పిల్లలను హైదరాబాదు చూపింప గొనిపోదలచితిమి. ఉపాధ్యాయులము నలుగురము. ఒకరి ఖాతాలో, ఒక్కొక్క టిక్కెట్టునకు ఆరుగురు చొప్పున, నాలుగు టిక్కెట్లు తీసి, పని సులువగునని ఆ పాస్‌వర్డును నలుగురమును తెలిసికొంటిమి. ప్రయాణము రెండుదినములున్నదనగా ఒక బాలునికి జ్వరము వచ్చెను. మాలో ఒకరు వాని పేరును మాత్రము తొలగింపబోయి, తొందరలో ఆ టిక్కెట్టులోని ఆరు పేర్లను రద్దుచేసిరి. ఆ సంగతి తెలుపు సందేశము ఖాతాదారుని మొబైలునకు వచ్చెను గాని ప్రయాణపు హడావిడిలో ఆయన చూడలేదు. తుని స్టేషనులో చూచుకొనగా ఐదుగురు పిల్లలకు చోటు లేదు. బండి నిండియున్నది. మాలో ఒకరు ఆ ఐదుగురిని వెంటబెట్టుకొని బస్సులో మరల నర్సీపట్నము చేరిరి. సంచులు భుజములనుండి దింపకయే కూర్చున్న ఆ పిల్లల ముఖములను మేము నేటికిని మఱువజాలము. తప్పు మాదే. నలుగురి చేతిలో తాళపుచెవి యుండుటచే, కాపలా ఎవరిదియు కాకపోయెను.

ఆనాడు మేము నేర్చిన పాఠమేమనగా, పంచుకొనవలసినది టిక్కెట్టు, తాళపుచెవి కాదు. టిక్కెట్టుపై పది అంకెల పీఎన్‌ఆర్ సంఖ్య యుండును. అది తెలిసినచో చోటు ఖాయమైనదో లేదో ఎవరైనను 139కి ఫోను చేసి తెలిసికొనవచ్చును. బండిలో టిక్కెట్టు సందేశమును, ప్రయాణికులలో ఒకరి అసలు గుర్తింపు పత్రమును చూపిన చాలును. కాని ఈ-టిక్కెట్టును రద్దు చేయుటకు ఖాతాలో ప్రవేశింపవలయును. కావున పీఎన్‌ఆర్‌ను బృందములోనివారందఱికి ఇచ్చి, పాస్‌వర్డును ఖాతాదారునియొద్దనే యుంచినచో ఎవరికిని లోటు కలుగదు.

రైల్వే నియమములును ఈ మార్గమునే బలపఱచుచున్నవి. ఆధారుతో జతపడని ఖాతాతో నెలకు 12 టిక్కెట్లును, జతపడిన ఖాతాతో, ప్రయాణికులలో ఒకరైనను ఆధారు ధ్రువీకరణ గలవారైనచో, 24 టిక్కెట్లును తీయవచ్చును. 2025 జూలై 1 నుండి ఇంటర్నెట్టులో తత్కాల్ టిక్కెట్లు ఆధారు ధ్రువీకరణ గల ఖాతాదారులకే లభించుచున్నవి. అదే నెల 15 నుండి ఆధారు ఓటీపీయు కావలయును. బంధుమిత్రులకు తన ఖాతాతో టిక్కెట్టు తీసియిచ్చుట తప్పు కాదు. అనుమతి లేక దానిని వ్యాపారముగా జేయుట మాత్రము 1989 నాటి రైల్వే చట్టము 143వ సెక్షను క్రింద నేరము. దానికి మూడేండ్ల వఱకు కారాగారము, పదివేల రూపాయల వఱకు జుల్మానా, లేక రెండును విధింపవచ్చును.

ఇప్పుడు మేమనుసరించు పద్ధతి యిది. ఉపాధ్యాయులిద్దఱు ఎవరి ఖాతాతో వారు, తమ పాలికి వచ్చిన పిల్లలకు టిక్కెట్లు తీయుదురు. ఒకరి పాస్‌వర్డు రెండవవారికి తెలియదు. ఒక కాగితముపై ప్రయాణికుని పేరు, వయస్సు, పీఎన్‌ఆర్, పెట్టె, బెర్తు, టిక్కెట్టు తీసిన ఖాతా, పైకమిచ్చినవారి పేరు వ్రాసి అందఱు ఉపాధ్యాయులకును ప్రతు లిత్తుము. రద్దు చేసిన టిక్కెట్టు సొమ్ము, చెల్లించిన ఖాతాకే తిరిగివచ్చును గాన, చివరి గడి మిక్కిలి అవసరము. ఏ పేరునైనను తొలగింపవలసినచో ఇద్దఱు కలసి కూర్చుండి, ఒకరు బిగ్గరగా చదువగా రెండవవారు నొక్కుదురు. బయలుదేరుటకు ముందునాడు ప్రతి పీఎన్‌ఆర్‌ను మరల చూచుకొందుము.

ఒక విద్యార్థి రాలేకపోయినచో వెంటనే రద్దు చేయనక్కఱలేదు. గుర్తింపు గల విద్యాసంస్థ అధిపతి, బండి బయలుదేరుటకు 48 గంటల ముందుగా వ్రాతపూర్వకముగా కోరినచో, ఆ స్థలమును అదే సంస్థయందలి మఱియొక విద్యార్థి పేరునకు మార్చుటకు రైల్వేవారు అనుమతింతురు. ఇట్టి మార్పు ఒక్కసారియే, బృందములో నూటికి 10 మందికి మించకుండ చేయబడును. ఈ నియమము ఆనాడు మాకు తెలిసియుండినచో రద్దు చేయు తలంపే కలుగకపోవును.

తలిదండ్రులకు ఒక మనవి. రైల్వేవారమని చెప్పి ఫోనులో పాస్‌వర్డుగాని ఓటీపీగాని అడుగువారు మోసగాండ్రని యెఱుగుడు. టిక్కెట్టు చిత్రమును నలుగురు చూచుచోట పెట్టకుడు. దానిని చూచినవారికి మీ పిల్లలు ఏ దినమున, ఏ పెట్టెలో ప్రయాణించెదరో తెలియును. మోసము వలన సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 అను సంఖ్యకు ఫోను చేయుడు.

తాళపుచెవి ఒకరియొద్ద నుంచుట తక్కినవారిని నమ్మకపోవుట కాదు. ఉమ్మడి కుటుంబమున ధాన్యపుకొట్టు తాళపుచెవి ఒకరి కొంగుననే యుండును, అన్నము మాత్రము అందఱి విస్తళ్లలోను పడును. విద్యార్థులారా, మీరు పెద్దవారై పదిమందిని వెంటబెట్టుకొని బయలుదేరునాడు, మా స్టేషనులో నిలిచిపోయిన ఆ ఐదుగురు పిల్లలను ఒక్కసారి తలంచుకొనుడు.