‘తాజ్‌దారె హరమ్’ ఎవరి పాట? సాబ్రీ సోదరుల కలాం చేతులు మారిన తీరు

‘తాజ్‌దారె హరమ్’ ఎవరిదని ఇంట్లో పిల్లలను అడిగితే ఆతిఫ్ అస్లందని టక్కున చెబుతారు. అదే ప్రశ్న దాదా, నానా వయసు వాళ్లకు వేస్తే ‘సాబ్రీ బ్రదర్స్‌ది కదా’ అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. పిల్లలు విన్నది 2015 నాటి రికార్డింగు. పెద్దలు విన్నది అంతకు కొన్ని దశాబ్దాల ముందు కరాచీకి చెందిన ఇద్దరు అన్నదమ్ములు పాడిన ఖవ్వాలీ. ఈ రెండింటి మధ్య పాటలో ఏం మారింది, ఏం మిగిలింది, ఎవరి పేరు నిలిచింది, ఎవరి పేరు జారిపోయింది అన్నది తెలుసుకోవాల్సిన విషయమే.

ఎవరీ అన్నదమ్ములు?

గులాం ఫరీద్ సాబ్రీ 1930లో, మఖ్బూల్ అహ్మద్ సాబ్రీ 1945లో పుట్టారు. ఇద్దరి స్వస్థలం అప్పటి ఉమ్మడి పంజాబులోని కల్యాణా. ఇప్పుడు ఆ ప్రాంతం హర్యానాలో ఉంది. తండ్రి ఇనాయత్ హుసేన్ సాబ్రీయే వారి తొలి గురువు. దేశ విభజన సమయంలో కుటుంబం కరాచీకి తరలిపోయింది. మఖ్బూల్ చిన్న వయసులోనే పిల్లల ఖవ్వాలీ బృందం ఒకటి మొదలుపెడితే, అన్నయ్య తర్వాత వచ్చి అందులో కలిశారు. 1958లో వారి మొదటి రికార్డు వచ్చింది. 1975లో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో పాడారు. దర్గా ప్రాంగణంలో వినే ఖవ్వాలీని అమెరికా శ్రోతలకు పరిచయం చేసిన తొలితరం వాళ్లలో వీరిది ముందు వరుస.

‘బ్రదర్స్’ అంటే ఇద్దరే అనుకుంటాం గానీ వేదిక మీద ఇద్దరే ఉండరు. వీరి సోదరులు కమాల్ సాబ్రీ, మహమూద్ గజ్నవీ సాబ్రీ కూడా బృందంలో ఉండేవారు. డోలక్ వాయించేవారు, చప్పట్లు కొట్టేవారు, వెనక గొంతు కలిపే హమ్‌నవాలు సరేసరి. రికార్డు అట్ట మీద రెండు పేర్లు కనిపించినా పాట మాత్రం ఎప్పుడూ పది మంది పనే. ఖవ్వాలీలో కలిసి పాడటం కొత్తగా వచ్చిన ‘కొలాబరేషన్’ కాదు. అది పుట్టిందే అలా.

జంట గొంతు ఎలా పనిచేస్తుంది?

సాబ్రీ సోదరుల పాటలో రెండు గొంతులకు రెండు వేర్వేరు పనులు. గులాం ఫరీద్‌ది బరువైన, లోతైన గొంతు. పాట మధ్యలో ఒక్కసారిగా ఆయన ‘అల్లాహ్’ అని పిలిచే తీరు ఆయనకు గుర్తింపుగా నిలిచింది. మఖ్బూల్‌ది తీయటి గొంతు. పై స్థాయికి సునాయాసంగా వెళ్లేది. అన్న మాటను గట్టిగా నిలబెడితే తమ్ముడు దాన్ని రాగంలో పైకి తీసుకెళ్లేవారు. ఒకరు ఊపిరి తీసుకునే లోపు ఇంకొకరు అందుకునేవారు.

దీనికి తోడు ఖవ్వాలీలో రెండు ముఖ్యమైన పద్ధతులు ఉన్నాయి. ఒకటి తక్రార్. అంటే ఒకే మాటను మళ్లీ మళ్లీ పాడటం. మెహఫిల్‌లో ఎవరైనా ఒక మాటకు తన్మయులై హాల్‌లోకి వెళ్తే, వాళ్లు తేరుకునే దాకా ఖవ్వాలు ఆ మాట వదలకూడదన్నది పాత నియమం. రెండోది గిరహ్. గిరహ్ అంటే ముడి. పాడుతున్న కలాం మధ్యలో ఇంకో కవి షేర్‌నో, ఫార్సీ పంక్తినో తెచ్చి ముడివేసి మళ్లీ అసలు మాటకు రావడం. అందుకే ఒకే కలాం ఒకరోజు పది నిమిషాలు, ఇంకోరోజు అరగంట నడుస్తుంది. ఎంతసేపు పాడాలో తేల్చేది గడియారం కాదు, ఎదుట కూర్చున్నవాళ్లు.

ఇలాంటి పాట ఇంకో కళాకారుడి చేతికి, ఇంకో స్టూడియోకి వెళ్లినప్పుడు ఏమవుతుంది? అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

1990: ఒకే కంపెనీ, రెండు దారులు

బ్రిటిష్ గాయకుడు పీటర్ గేబ్రియల్ స్థాపించిన రియల్ వరల్డ్ రికార్డ్స్ 1990లో రెండు ఖవ్వాలీ ఆల్బమ్‌లు తెచ్చింది. ఒకటి సాబ్రీ బ్రదర్స్ ‘యా హబీబ్’. రెండోది నుస్రత్ ఫతే అలీ ఖాన్ ‘ముస్త్ ముస్త్’.

‘యా హబీబ్’లో సాబ్రీ సోదరులు తమ బృందంతో తమ పద్ధతిలోనే పాడారు. హార్మోనియం, డోలక్, చప్పట్లు, హమ్‌నవాలు ఎప్పటిలాగే ఉన్నారు. కంపెనీ ఇచ్చింది మంచి మైకులు, ప్రపంచ మార్కెట్టు. ‘ముస్త్ ముస్త్’ దారి వేరు. కెనడాకు చెందిన మైకేల్ బ్రూక్ దానికి నిర్మాత. నుస్రత్ ఆలాపనలను గిటార్, ఎలక్ట్రానిక్ వాద్యాలతో కలిపి, ముక్కలుగా ఎడిట్ చేసి పాటలు కూర్చారు. ఆ తర్వాత బ్రిటన్‌కు చెందిన మాసివ్ ఎటాక్ బృందం అందులోని పాటను రీమిక్స్ చేస్తే అది క్లబ్బుల దాకా వెళ్లింది.

ఎడిటింగ్‌లో కొన్నిచోట్ల మాట మధ్యలో తెగి అర్థం పోయిందని, నుస్రత్‌కు అది సమ్మతం కాలేదని బ్రూక్ తర్వాత చెప్పారు. వట్టి సరిగమలు పాడిన చోట కూడా వాక్యం సగంలో ఆగిపోయినట్టయిందట. ఆ భాష రాని ఎడిటర్ చెవికి అది మంచి ధ్వని. పాడినవాడికి మాత్రం అది కలాం. ఇద్దరు కళాకారులు కలిసి పనిచేయడమంటే ఇద్దరికీ ఒకరి పని ఒకరికి అర్థం కావాలన్నది ఆ అనుభవం నేర్పిన పాఠం.

ఇందులో ఒక దారి గొప్పది, ఇంకోటి తక్కువది అని కాదు. ‘ముస్త్ ముస్త్’ లేకపోతే నుస్రత్ పేరు అంతమంది పడమటి కుర్రవాళ్లకు చేరేది కాదు. ‘యా హబీబ్’ లేకపోతే సాబ్రీ సోదరుల నిండు ఖవ్వాలీ స్టూడియో నాణ్యతతో మనకు మిగిలేది కాదు.

2015: ఒకే ఏడాది రెండు పాటలు

గులాం ఫరీద్ 1994 ఏప్రిల్ 5న, మఖ్బూల్ 2011 సెప్టెంబర్ 21న కన్నుమూశారు. 2015 వచ్చేసరికి ఇద్దరూ లేరు. ఆ ఏడాదే వారి రెండు ప్రసిద్ధ కలాంలు కొత్త గొంతుల్లోకి వెళ్లాయి.

మొదటిది ‘భర్ దో ఝోలీ మేరీ’. 1975 నాటి పాకిస్తానీ సినిమా ‘బిన్ బాదల్ బర్సాత్’లో సాబ్రీ సోదరులు పాడిన ఖవ్వాలీ ఇది. రాసిన కవి పుర్నమ్ ఇలాహాబాదీ. నుస్రత్ పాడిన ‘తుమ్హే దిల్లగీ’ కూడా ఆయన కలమే. ఈ ఖవ్వాలీని 2015 జులైలో విడుదలైన ‘బజ్రంగీ భాయీజాన్’ కోసం సంగీత దర్శకుడు ప్రీతమ్ తీసుకోగా అద్నాన్ సామీ పాడారు. తెరపై కూడా ఆయనే కనిపించారు. కశ్మీర్‌లోని ఐష్‌ముఖామ్ దర్గాలో దాన్ని చిత్రీకరించారు. ఆ సినిమాకు కథ ఇచ్చింది మన తెలుగువారు వి. విజయేంద్ర ప్రసాద్. పాట హిట్టయింది. గొడవా వచ్చింది. పాట హక్కులు తమవని ఈఎంఐ పాకిస్తాన్ అభ్యంతరం చెప్పింది. గులాం ఫరీద్ కొడుకు, స్వయంగా ఖవ్వాలు అయిన అమ్జద్ సాబ్రీ కూడా గొంతెత్తారు.

రెండోది ‘తాజ్‌దారె హరమ్’. 1982 నాటి ‘సహారే’ సినిమాలోనూ సాబ్రీ సోదరుల గొంతులో వినిపించిన కలాం ఇది. పాకిస్తాన్ కోక్ స్టూడియో 8వ సీజన్‌లో ఆతిఫ్ అస్లం దీన్ని పాడారు. సాబ్రీ బ్రదర్స్‌కు నివాళిగానే దాన్ని అందించారు. ఆ సీజన్ నిర్మాతలు కూడా ఒక గాయక జంటే కావడం విశేషం. స్ట్రింగ్స్ పేరుతో పాడే ఫైసల్ కపాడియా, బిలాల్ మఖ్సూద్. యూట్యూబ్‌లో ఆ వీడియో వీక్షణలు 10 కోట్లు ఎప్పుడో దాటాయి.

పాత రికార్డింగునూ దీన్నీ పక్కపక్కన పెట్టి వింటే తేడా వెంటనే పట్టుకోవచ్చు. ఆతిఫ్ పాటలో ఒక్కటే ప్రధాన గొంతు. మెల్లగా, దుఆ చేస్తున్నట్టు మొదలై గిటార్లు, డ్రమ్స్‌తో పెరుగుతుంది. ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తుంది. అంతా ముందే కొలిచి పెట్టుకున్న అమరిక. సాబ్రీల పాటలో మాత్రం ఇద్దరి మధ్య అందిపుచ్చుకోవడం, గిరహ్‌లు, మధ్యలో గులాం ఫరీద్ పిలుపు ఉంటాయి. ఖవ్వాలీలోని సంభాషణ కొత్త పాటలో ఒంటరి ప్రార్థనగా మారింది. పోయిందీ ఉంది, వచ్చిందీ ఉంది. ఖవ్వాలీ అంటే ఏమిటో తెలియని పిల్లలు ఆ కలాం మొత్తం కంఠతా నేర్చుకున్నారంటే ఆ ఒంటరి గొంతు వల్లే.

2016: రెండు ఖవ్వాల్ ఇళ్లు కలిసిన ‘రంగ్’

మరుసటి ఏడాది 9వ సీజన్ కోసం అమ్జద్ సాబ్రీ, రాహత్ ఫతే అలీ ఖాన్ కలిసి ‘రంగ్’ పాడారు. ఒకవైపు సాబ్రీల వారసుడు. ఇంకోవైపు నుస్రత్ తమ్ముడి కొడుకు. నుస్రత్ తండ్రి ఫతే అలీ ఖాన్, ఆయన సోదరుడు ముబారక్ అలీ ఖాన్ కూడా తమ కాలంలో పేరున్న ఖవ్వాలీ జంట. అంటే రెండు జంటల వారసులు ఒక మైకు ముందు కూర్చున్నారన్నమాట. హజ్రత్ అమీర్ ఖుస్రో కలాంగా తరతరాలుగా పాడుతున్న ‘రంగ్’తో మెహఫిల్ ముగించడం ఆనవాయితీ.

2016 జూన్ 22న, రంజాన్ నెలలో, కరాచీలో అమ్జద్‌ను కాల్చి చంపారు. పాట ఆయన పోయాకే ప్రసారమైంది. మెహఫిల్ చివర పాడే కలాంతోనే ఆయన ప్రేక్షకుల దగ్గర సెలవు తీసుకున్నట్టయింది.

ఒక పాటకు గొడవ, ఇంకో పాటకు లేదు. ఎందుకు?

అమీర్ ఖుస్రో 1325లో కన్నుమూశారు. ఆయన కలాం మీద ఇప్పుడు ఎవరికీ యాజమాన్యం లేదు. ఎవరైనా పాడవచ్చు. పుర్నమ్ ఇలాహాబాదీ మన కాలపు కవి. ఆయన రాసినదానికి హక్కు ఉంటుంది.

మన దేశ కాపీరైట్ చట్టం ప్రకారం ఒక పాటలో హక్కులు పొరలు పొరలుగా ఉంటాయి. రాసిన కవికి, బాణీ కట్టినవారికి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. సౌండ్ రికార్డింగు మీద దాన్ని తెచ్చిన కంపెనీకి విడుదల నుంచి 60 ఏళ్లు. పాడినవారికి, వాయించినవారికి ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు. 2012 సవరణ ఇంకో మాట కూడా చేర్చింది. వాణిజ్యంగా వాడుకుంటే ప్రదర్శకులకు రాయల్టీలో వాటా ఉండాలి. ఇది నా ప్రదర్శన అని పేరు చెప్పుకునే హక్కూ వారికి ఉంది. కవర్ వెర్షన్ చేయాలంటే తొలి రికార్డింగు వచ్చి అయిదేళ్లు గడవాలి. ముందే సమాచారం ఇచ్చి రాయల్టీ కట్టాలి.

అంటే ‘పాత ఖవ్వాలీయే కదా, అందరిదీ’ అనే మాట ప్రతిసారీ చెల్లదు. పాత సంప్రదాయ కలాం వేరు, నిన్నటి కవి రాసిన కలాం వేరు. కలాం అందరిదే అయినా ఒక బృందం చేసిన రికార్డింగు అందరిదీ కాదు. ఫలానా ఉర్సులో పాడిన మెహఫిల్‌ను ఫోనుతో తీసి సొంత ఛానెల్లో పెట్టి డబ్బు చేసుకునే వాళ్లకూ ఇది వర్తిస్తుంది.

మన దగ్గర కూడా ఇదే ప్రశ్న

హైదరాబాద్‌కు కూడా సొంత ఖవ్వాలీ జంట ఉంది. వార్సీ బ్రదర్స్‌గా పేరున్న నజీర్, నసీర్ అహ్మద్ ఖాన్ వార్సీ. వీరి తాత అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ వచ్చింది. ఆయన గొంతు విన్న తరం నగరంలో తగ్గిపోతోంది. ఇలాంటి బృందాలు ఇతర కళాకారులతో కలిస్తేనే కొత్త పిల్లలకు చేరతాయి. కలిసినప్పుడు పేరు, ప్రతిఫలం న్యాయంగా అందితేనే వాళ్ల పిల్లలు ఆ విద్యలో కొనసాగుతారు. ఖవ్వాలీ పుస్తకంలో బతికే విద్య కాదు. తండ్రి పక్కన కూర్చుని చప్పట్లు కొడుతూ నేర్చుకునేది. ఒక తరం ఆ పక్క నుంచి లేచి వెళ్లిపోతే మళ్లీ తేవడం కష్టం.

వినేవాళ్లు చేయగలిగింది చిన్నదే కానీ పనికొచ్చేది. పిల్లలు ఆతిఫ్ పాట పెట్టినప్పుడు వద్దనక్కర్లేదు. అది అయ్యాక సాబ్రీల పాత రికార్డింగు కూడా పెట్టండి. ఎవరి గొంతు ఎక్కడ అందుకుందో పిల్లలనే చెప్పమనండి. వాట్సాప్‌లో ‘భర్ దో ఝోలీ’ పంపేటప్పుడు ఒక్క లైను కలపండి: కలాం పుర్నమ్ ఇలాహాబాదీ, పాడినది సాబ్రీ బ్రదర్స్, కొత్త గొంతు అద్నాన్ సామీ. పాట ఎన్ని చేతులు మారినా ఫర్వాలేదు. ఆ చేతుల పేర్లు కూడా పాటతో పాటు నడవాలి.