ఇంటి కాన్పు ఆసుపత్రికి మారితే..

నేను ఇంగ్లండ్‌లో ఒక ఆసుపత్రి కాన్పుల వార్డులో మిడ్‌వైఫ్‌ని. ఇక్కడ ఇంట్లోనే కాన్పు అనుకున్నవారిలో కొందరు మధ్యలో మా దగ్గరికి రావాల్సి వస్తుంది. 2011లో వెలువడిన 'బర్త్‌ప్లేస్' అధ్యయనం ప్రకారం తొలిచూలు తల్లుల్లో 100కు 45 మంది, ముందే బిడ్డలున్నవారిలో 12 మంది ఇలా మారారు. కాబట్టి ఇందులో చిన్నబుచ్చుకోవాల్సిందేమీ లేదు.

చిక్కల్లా చేతులు మారేటప్పుడే. ఇంటి మిడ్‌వైఫ్ బయల్దేరే ముందే ఫోన్ చేస్తే గది, డాక్టరు సిద్ధంగా ఉంటారు. వచ్చాక నాలుగు విషయాలు వరుసగా చెప్పాలి: ఇప్పటి పరిస్థితి, వెనక జరిగింది, తన అంచనా, చేయాల్సింది. దీన్నే 'ఎస్‌బార్' అంటాం. ఇదంతా తల్లికి వినబడేలా జరిగితే ఆమెకూ ధైర్యం. "ఇంట్లో ఎందుకు పెట్టుకున్నారు?" అని ఎవరైనా విసుక్కుంటే, ఆ మిడ్‌వైఫ్ మరోసారి ఫోన్ చేయడానికి వెనకాడుతుంది. ఆ ఆలస్యం బిడ్డ ప్రాణం మీదికి రావచ్చు.

ఇంటి కాన్పు కోరుకునే మన ఆడపడుచులూ ఆసుపత్రి సంచి సర్దిపెట్టుకోండి. పెద్దబిడ్డను ఎవరు చూస్తారో తేల్చుకోండి. తోడొచ్చే అమ్మకో అత్తగారికో ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. ఇంగ్లిష్ ఇబ్బందైతే దుబాసీ కావాలని ఇప్పుడే అడగండి.